గోడ దాకా నడక

ఆదివారం, రాత్రి 9.

సాయంత్రం నాన్నతో నడకకి వెళ్ళాను. రామారావుపేటలో ఉన్నన్నాళ్ళూ ఆయన రోజూ గంటసేపు నడిచేవారు. వెళ్ళిన దారిన తిరిగొచ్చేవారు కాదు. కాకినాడ పాత పేటల్లో వీధులు చదరంగం గళ్ళలా ఉంటాయి కదా, పైపుల కోసం ఒకటి తవ్వేస్తే పక్క వీధిలోంచి పోవచ్చు. పాలు, మందులు, గుడి, అన్నీ నాలుగు మలుపుల్లోనే.

సర్పవరం దాటి ఈ వెంచర్‌లోకొచ్చి రెండేళ్ళు. ఇల్లు బాగుంది, గాలీ వెలుతురూ ఉన్నాయి. నాన్న నడకే సగానికి పడిపోయింది. మా నలభై అడుగుల రోడ్డు చివర గోడ. గోడ అవతల ఇంకో వెంచర్, అక్కడి రోడ్డూ సరిగ్గా ఎదురుగా వచ్చి ఆగింది. అటువైపు మందుల షాపు బోర్డు మా డాబా మీంచి చదవొచ్చు. వెళ్ళాలంటే మాత్రం మెయిన్ రోడ్డెక్కి చుట్టూ తిరిగి రెండు కిలోమీటర్లు.

ఒకప్పుడు ఇవన్నీ వరిచేలు. "ఇక్కడ పుంత ఉండేదండి, బళ్ళు పోయేవి" అంటాడు మా వాచ్‌మన్. ఎవరి చేను వాళ్ళు అమ్ముకున్నారు. కొన్నవాళ్ళు తమ గట్లలోపల రోడ్లు వేసుకున్నారు, పక్క చేలో రోడ్డు ఎక్కడొస్తుందో ఎవరూ చూడలేదు. ఆ గట్లే ఇప్పుడు గోడలు.

ఒక్కో కూడలిలో ఎన్ని దారులు కలుస్తున్నాయో లెక్కపెట్టి, 1975 నుంచి ప్రపంచంలో చాలాచోట్ల కొత్త వీధులు ఇలాగే విడిపోతున్నాయని 2020లో ఒక పరిశోధన చెప్పింది. అమెరికాలో 1994 ప్రాంతంలో ఇది బాగా ముదిరి, తర్వాత తగ్గుముఖం పట్టిందట. అంటే మార్చుకోవచ్చన్నమాట. నాకు ఆ మాటే పట్టుకుంది. ఇళ్ళు కట్టేశాక వీధిని కలపడం ఎంత కష్టమో మా రోడ్డు చివర నిలబడితే తెలుస్తుంది.

గోడ మూలన ఎవరో రెండు సిమెంటు ఇటుకలు, వాటి మీద ఓ నాపరాయి ముక్క పెట్టారు. అక్కడ గోడ అంచు చేతులు పడీ పడీ నున్నబడింది. మేం వెళ్ళేసరికి ఒకావిడ ఇళ్ళల్లో పని ముగించుకుని ఎక్కుతోంది. చెప్పులు సంచిలో వేసుకుంది. నాన్న ఆవిడ క్యారేజీ పట్టుకుని, ఆవిడ అవతలికి దిగాక అందించారు.

"జాగ్రత్తమ్మా, పడతావు."

"అలవాటేనండి. చుట్టూ తిరిగెళ్తే చీకటి పడిపోద్ది."

ఆవిడకి నా వయసే ఉంటుంది. నాకు చాలా సిగ్గేసింది.

చిన్న గేటు పెట్టమని కిందటి మీటింగులో అడిగితే దొంగలొస్తారన్నారు. పగలు తీసి, రాత్రి తాళం వెయ్యొచ్చు కదా! ఇప్పుడే కాగితం మీద రాశాను, మనిషి పట్టేంత దారి చాలు అని. నాన్న కళ్ళజోడు తెచ్చుకుని మొదటి సంతకం పెట్టారు. రేపు ఎదురింటి పిన్నిగారిని అడగాలి.