ఆ పిచ్చి నాకెప్పుడు ఎక్కుతుందో!

తమిళనాడులోని కరూరు నుంచి నెరూరు దగ్గరే, టౌను బస్సులో వెళ్లిపోవచ్చు. అవధూత సదాశివ బ్రహ్మేంద్రుల అధిష్ఠానం, అంటే సమాధి, ఉన్నది అక్కడి కావేరి ఒడ్డునే. 'శంకరాభరణం' సినిమాలో మనం విన్న 'మానస సంచరరే' ఆయన కీర్తనే. బస్సు దిగినప్పటి నుంచీ మా అత్తయ్య నోట అదే కూనిరాగం.

సమాధి వెనుక మారేడు చెట్టు, పక్కనే కాశీ విశ్వనాథుడి గుడి. మారేడు నీడలో కూర్చుని అత్తయ్యా నేనూ ఆయన కథలు తలచుకున్నాం.

ఈ అవధూత కుర్రతనంలో వాదనల్లో దిట్ట. ఎంతటి పండితుడొచ్చినా ఓడించి పంపేవారట. "నోరు మూసుకోవడం ఎప్పుడు నేర్చుకుంటావు?" అని గురువు పరమశివేంద్ర సరస్వతి విసుక్కున్నారు. అంతే, ఆ నోరు మళ్లీ తెరుచుకోలేదు. ఆపైన ఒంటిమీద బట్ట కూడా వదిలేసి కావేరి వెంట తిరగసాగారు. మీ శిష్యుడికి పిచ్చెక్కిందని ఎవరో కబురు మోసుకెళ్లారు. గురువు నొచ్చుకోలేదు సరికదా, "ఆ పిచ్చి నాకెప్పుడు ఎక్కుతుందో!" అని వాపోయారట.

మహిమల కథలకు కొదవ లేదు. చెయ్యి తెగినా తెలియక నడిచిపోవడం, మహాదానపురం పిల్లలను రెప్పపాటులో మదురై ఉత్సవానికి చేర్చడం. పుదుక్కోట తొండైమాన్ రాజుకైతే ఇసుకలో వేలితో రాసి ఉపదేశం చేశారు. రాజు ఆ ఇసుకను మూటగట్టి కోటలో పూజకు పెట్టుకున్నాడంటారు.

నాకు నచ్చింది మాత్రం మహిమ ఊసే లేని కథ. ఒకసారి ఆయన పొలం గట్టు మీద తల ఆనించి పడుకున్నారు. దారిన పోయే ఒకామె, "అన్నీ వదిలాడు గానీ తలగడ వదల్లేదు" అంది. మర్నాడు ఆయన తల నేల మీదే ఉంది. అది చూసి ఆమె, "మన మాటకు ఇంకా ఉలుకుతున్నాడే!" అంది.

"దొరికిపోయాడు పాపం!" అని అత్తయ్య పకపకా నవ్వింది. పండితుల పని పట్టిన మనిషిని రెండు ముక్కల్లో చిత్తు చేసిందా ఇల్లాలు. ఆమె పేరు మాత్రం ఎవరికీ పట్టలేదు! నన్నడిగితే ఆమెకూ ఇక్కడ ఒక దీపం పెట్టాలి.

తర్వాత తంజావూరు దగ్గరి పున్నైనల్లూరు మారియమ్మ గుడికి బయలుదేరాం. అక్కడ పుట్టమన్నుతో అమ్మవారిని మలిచింది కూడా ఈయనేనంటారు. మట్టి విగ్రహం కనుక మూలమూర్తికి నీళ్ల అభిషేకం ఉండదు, తైలకాపే, అంటే తైలం పూయడమే.