బీట్‌రూట్ వాసన, తొలకరి వాసన

నార్విచ్‌లోని మా ప్రయోగశాలలో స్ట్రెప్టోమైసిస్ పెరిగిన ప్లేటు మూత తీసినప్పుడల్లా పక్క బల్ల మీద పనిచేసే ఇంగ్లిష్ మిత్రుడు బీట్‌రూట్ వాసన వస్తోందంటాడు. పల్నాటి మెట్ట చేలలో పెరిగిన నాకు మాత్రం అది తొలకరి పడిన నేల వాసన. ఇద్దరి మాటా నిజమే, ఈ మట్టి బాక్టీరియా వదిలే జియోస్మిన్ రెండింటిలోనూ ఉంటుంది.

ఏం పని చేస్తున్నావని ఊళ్లో అడిగితే ఏదో ఒకటి చెప్పి తప్పించుకునేవాణ్ణి. 2021 వేసవిలో అది కుదరలేదు. కోవిడ్ తగ్గిన మా పెదనాన్నకు బ్లాక్ ఫంగస్ సోకింది, ఫంగస్‌ను చంపే ఆంఫోటెరిసిన్ మందులో మూత్రపిండాలకు తక్కువ హాని చేసే లైపోసోమల్ రకం ఎంత వెతికినా దొరకక, అదే మందు పాత రకం ఇంజెక్షనే ఎక్కించారు. ఫంగస్ లొంగింది గాని, మూత్రపిండాలు దెబ్బతింటున్నాయని చెప్పే క్రియాటినిన్ పెరుగుతూ పోయింది. "మందే మనిషిని తింటోందేంట్రా?" అని అన్నయ్య ఫోన్‌లో అడిగాడు.

ఆ మందును తయారుచేసేది వెనిజులాలోని ఒరినోకో నదీ ప్రాంతపు మట్టిలో 1950లలో దొరికిన స్ట్రెప్టోమైసిస్ నోడోసస్. అది ఫంగస్ కణపు పొరలోని ఎర్గోస్టెరాల్‌ను పట్టుకుని కణాన్ని చంపుతుంది. మన కణాల్లోని కొలెస్ట్రాల్ దానికి దగ్గరి చుట్టమే కాబట్టి మూత్రపిండాలకూ దెబ్బ తగులుతుంది. బాక్టీరియా ఈ అణువు గొలుసును పద్దెనిమిది విడతలుగా ముక్కకు ముక్క అతికించి కట్టి, ఆపై కొన్ని ఎంజైములతో మెరుగులు దిద్దుతుంది. ఆ ఎంజైముల్లో ఒకటి అణువు మీది మిథైల్ అనే చిన్న పరమాణు గుంపును కార్బాక్సిల్ అనే మరో గుంపుగా మారుస్తుంది. దాని జన్యువును పనిచేయకుండా చేస్తే, ఫంగస్‌ను చంపే శక్తి నిలిచి, ఎర్ర రక్తకణాలకు చేసే హాని బాగా తగ్గుతుందని డబ్లిన్ పరిశోధకులు 2005లోనే చూపించారు. నా పని కూడా ఆ దారిలోనిదే.

చెప్పినంత సులువు కాదు. ప్రయోగశాలల్లో మామూలుగా వాడే ఇ.కోలి బాక్టీరియా రాత్రికి రాత్రి పెరుగుతుంది, ఈ స్ట్రెప్టోమైసిస్‌లకు నాలుగైదు రోజులు కావాలి; పైగా జన్యువును మార్చడానికి పంపే బయటి డిఎన్‌ఏ మీద మిథైల్ గుర్తులు కనిపిస్తే చాలా స్ట్రెప్టోమైసిస్‌లు దాన్ని తునకలు చేసేస్తాయి, అందుకే ఆ గుర్తులు వేయని ఇ.కోలి రకం ద్వారానే పంపాలి. ఇంత చేశాక వీటికి పెట్టే మేత సోయాపిండి, మానిటాల్, అగార్, కుళాయి నీళ్లు! మొదటి రోజు డిస్టిల్డ్ నీళ్లు పోసి నవ్వులపాలయ్యాను.

జన్యువును మార్చిన బాక్టీరియాలో చాలావరకు మందు దిగుబడే పడిపోయింది. పోయిన వారం ఒక్కదానిలో మాత్రం ద్రావణంలోని పదార్థాలను విడదీసి చూపే హెచ్‌పిఎల్‌సి యంత్రం కాగితం మీద పాత ఆంఫోటెరిసిన్ గీత మాయమై, దాని పక్కన మారిన మందుది కావచ్చనిపించే చిన్న గీత లేచింది. పెదనాన్న వారానికి రెండుసార్లు డయాలసిస్‌కు వెళ్తున్నాడు. ఆ బాక్టీరియా రకాన్నే ఇవాళ మళ్లీ నాలుగు ఫ్లాస్కుల్లో వేసి షేకర్ మీద పెట్టి వచ్చాను.