నత్తదీవి: పటం అయింది, ఇప్పుడు ఆటుపోట్ల పట్టిక

పిల్లల కథల కోసం కల్పిస్తున్న నత్తదీవి పటం మొత్తానికి పూర్తయింది. గ్రాఫ్ పేపర్ మీద సెంటీమీటరుకు 250 మీటర్ల లెక్కన గీశాను. దీవి పొడవు 6 కిలోమీటర్లు, వెడల్పు 4. కాగితం మీద 24 సెంటీమీటర్లు, 16 సెంటీమీటర్లు. ఏ4 షీటులో పట్టేసింది, పేర్లు రాయడానికి అంచుల్లో చోటూ మిగిలింది.

ఈ కొలత కావాలనే పెట్టాను. ఎనిమిదేళ్ల పిల్ల గంటకు 3 కిలోమీటర్లు నడుస్తుందనుకుంటే, పొద్దున బయల్దేరి ఆ చివర చూసి చీకటి పడేలోపు ఇల్లు చేరుతుంది. పెద్దల తోడు లేకుండా పిల్లలు తిరగగలిగే చోటు కావాలి నాకు.

నడుమ 120 మీటర్ల గుట్ట ఉంది. ఒకవైపు అడవి, ఇంకోవైపు ఎండిన నేల పెడదామనిపించింది కానీ, వాన మబ్బుల్ని ఆపాలంటే పెద్ద కొండలు కావాలి. దీవంతా పచ్చగానే ఉంచేశాను. గుట్ట వల్ల ఇంకో మేలుంది. ఒడ్డున నిలబడ్డ పిల్లకు సముద్రం 4 కిలోమీటర్ల దాకానే కనిపిస్తుంది, గుట్టెక్కితే దాదాపు 39 దాకా. గంటకు 10 కిలోమీటర్లు వెళ్లే పడవ గుట్ట మీది పిల్ల కంటపడ్డాక ఒడ్డు చేరడానికి దాదాపు నాలుగు గంటలు పడుతుంది. అందులో మూడు గంటలకు పైగా ఆ కబురు ఆమె ఒక్కదానికే తెలుసు. రెండో కథ ఇక్కడే పుట్టింది.

బావులన్నీ ఒడ్డుకు దూరంగా పెట్టాను. దీవుల్లో నేలలోకి ఇంకిన వాన నీరు ఉప్పునీటి మీద తేలుతూ ఉంటుంది. ఒడ్డు పక్కన ఎక్కువగా తోడితే ఉప్పు పైకొస్తుంది.

నాకు బాగా ఇష్టమైన భాగం బడి. అది పక్కనున్న బుల్లి దీవిలో ఉంది. ఆటు సమయంలో ఇసుక దారి తేలుతుంది, నీరు బాగా దిగిన వేళకు అటు రెండు గంటలు, ఇటు రెండు గంటలు. అందుకే బడి గంట గడియారాన్ని బట్టి కాదు, సముద్రాన్ని బట్టి మోగుతుంది. ఒక ఆటుకూ ఇంకో ఆటుకూ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు కాబట్టి, పగటి ఆటు రోజూ 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. నోట్‌బుక్‌లో పట్టిక వేశాను: పౌర్ణమి నాడు ఉదయం 9 గంటలకు, మర్నాడు 9.50కి, ఏడు రోజులు గడిస్తే మధ్యాహ్నం 2.50కి. కథలో తేదీ వేసే ముందు ఈ పట్టిక చూస్తాను. తిరిగి రావడం ఆలస్యం చేసిన పిల్లలు రాత్రి దాకా అక్కడే ఉండాలి. ఇంత టెన్షన్ ఏ దొంగను పెట్టినా రాదు!

ఇంకో వివరం ఇప్పుడే పట్టికలో చేరుస్తున్నాను. పౌర్ణమికి, అమావాస్యకి నీరు బాగా దిగుతుంది. సగం చంద్రుడున్న రోజుల్లో అంతగా దిగదు. అప్పుడు ఇసుక దారి మీద మోకాలి లోతు నీళ్లుంటాయి. పెద్ద పిల్లలు దాటతారు, చిన్నవాళ్లకు పడవ కావాలి. ఆ పడవ ఎవరు నడపాలన్నది తేలితే నాలుగో కథ మొదలుపెడతాను. ప్రస్తుతానికి నా మొగ్గు బావి దగ్గరింటి అవ్వ వైపే.