మూడు రోజులు విప్పాననుకున్న కప్పు: ఫిక్స్‌డ్ గేర్ సైకిల్ బిగించుకున్న నా అనుభవం

గోళ్ళ సందుల్లో గ్రీజు నలుపు ఇంకా వదలలేదు. నిన్న సాయంత్రం, నల్లగొండ రామగిరిలోని మా ఇంటి వసారాలో నా చేతులతో నేనే బిగించుకున్న ఉక్కు సైకిల్ ఎక్కి పానగల్ దాకా వెళ్ళి వచ్చాను. రెండు నెలలు పట్టిన ఈ పనిలో చాలా భాగం నాకు సంతోషాన్నే ఇచ్చింది గాని, మధ్యలో ఒక మూడు రోజులు నేను ఎంత తెలివితక్కువగా నడుచుకున్నానో రాసి పెట్టకపోతే నాకు నిద్ర పట్టేటట్టు లేదు. నేను జూనియర్ కళాశాలలో భౌతికశాస్త్రం బోధిస్తాను. ఆ సంగతి ముందే ఎందుకు చెబుతున్నానో కాసేపట్లో తెలుస్తుంది.

మామూలు సైకిల్ వెనక చక్రానికి ఫ్రీవీల్ ఉంటుంది కనుక కాళ్ళు ఆపినా చక్రం టకటకమంటూ తిరుగుతూనే ఉంటుంది. ఫిక్స్‌డ్ గేర్ సైకిల్‌కు అది ఉండదు. పళ్ళచక్రం నేరుగా హబ్బుకే, అంటే చక్రం నడిమి భాగానికే, బిగిసి ఉంటుంది, చక్రం తిరిగినంతసేపూ పెడళ్ళు తిరుగుతాయి, పెడళ్ళను వెనక్కి అదిమితే వేగం తగ్గుతుంది. వెలోడ్రోమ్, అంటే సైకిల్ పందేల ట్రాక్, మీద పోటీల్లో వాడేది ఈ రకాన్నే. గేర్లూ వాటి తీగలూ లేని అటువంటి సైకిల్ ఒకటి, అదీ సన్నని ఉక్కు గొట్టాలతో పాతకాలపు పద్ధతిలో చేసినది, నాకంటూ ఉండాలని ఎన్నాళ్ళ నుంచో కోరిక.

ఫ్రేము హైదరాబాదు ఎర్రగడ్డ ఆదివారం సంతలో దొరికింది. ఏ కంపెనీదో చెప్పే గుర్తులన్నీ పాత రంగు కిందనే పోయాయి గాని, గొట్టాలు కలిసే చోట వాటిని పట్టి ఉంచే, అందంగా చెక్కిన లగ్గులనే తొడుగులు ఉన్నాయి, చేత్తో ఎత్తితే మన పాల సైకిల్ ఫ్రేము బరువులో సగం కూడా తూగదనిపించింది. పద్దెనిమిది వందలు ఇచ్చి బస్సులో పెట్టుకుని వచ్చాను. ఫ్రేము కొనేవారు రంగు చూడకండి, వెనక ఇరుసు కూర్చునే గాడి చూడండి. ఆ గాడి అడ్డంగా ఉంటేనే చక్రాన్ని ముందుకూ వెనక్కూ జరిపి చైన్ బిగువు సరిచేసుకోగలం, నిలువుగా ఉంటే ఫిక్స్‌డ్ గేర్‌కు పనికిరాదు. ఫ్రేములో వెనక చక్రం కూర్చునే రెండు కాళ్ళ మధ్య వెడల్పును నేను స్కేలుతో కొలిచాను, 126 మిల్లీమీటర్లు వచ్చింది. ఫిక్స్‌డ్ గేర్‌కు వాడే ట్రాక్ హబ్బు వెడల్పు 120 కనుక ఇరువైపులా మూడేసి మిల్లీమీటర్ల వాషర్లు వేస్తే సరిపోతుందని అక్కడే లెక్క కట్టుకుని, నా ముందుచూపుకు నేనే మురిసిపోయాను. కొలవవలసిన మరో కొలత ఒకటి ఉందని మాత్రం నాకు తట్టలేదు.

హ్యాండిల్, ముందు ఫోర్కు, సీటు గొట్టం ఒక్క పూటలో ఊడి వచ్చాయి. పెడళ్ళు బిగించి ఉండే క్రాంకులు కూడా వాటిని లాగి ఊడదీసే పుల్లర్‌కు లొంగాయి. ఎడమ పెడల్‌కు ఎడమ మర, అంటే మామూలుకు ఎదురు దిశలో తిప్పితే విప్పుకునే తిరగమర, ఉంటుందని సైకిల్ తొక్కిన ప్రతివారికీ తెలుసు, నాకూ తెలుసు కనుక అదీ సులువుగానే వచ్చింది. మిగిలింది బాటమ్ బ్రాకెట్, అంటే క్రాంకు ఇరుసు తిరిగే అడుగు గొట్టానికి రెండు వైపులా బిగించి ఉండే కప్పులు. ఎడమవైపు కప్పు, దాన్ని కదలకుండా పట్టి ఉంచే లాక్ రింగు వదులు చేయగానే, మామూలు దిశలోనే తిరిగి వచ్చింది. దానితోపాటు ఇరుసూ, తుప్పు పట్టిన గోళీలూ రాలిపడ్డాయి. కుడివైపు కప్పు మాత్రం కదలలేదు.

పెడల్‌లో ఎడమవైపుది కదా తిరగమర, ఇక్కడ ఎడమవైపుదే మామూలుగా విప్పుకుంది గనుక ఈ గొట్టంలో తిరగమర అనేదే లేదు, కుడివైపుది కూడా మామూలు మరే అయి ఉండాలి అని నేను నిశ్చయించుకున్నాను. తర్కం వినడానికి ఎంత చక్కగా ఉందో చూడండి. అయినా ఎందుకైనా మంచిదని హైదరాబాదులో లక్షల ఖరీదు చేసే సైకిళ్ళు అమ్మే ఒక దుకాణానికి ఫోన్ చేసి, వాళ్ళు అడిగినట్టు ఫోటో కూడా పంపాను. ఫోన్‌లో ఉన్న యువకుడు ఫోటో చూసి, అది ఇటాలియన్ మర అనీ, రెండు వైపులా మామూలుగానే ఉంటుందనీ, తుప్పు పట్టింది కనుక బలం చాలడం లేదనీ, కావాలంటే కొత్త ఇటాలియన్ బ్రాకెట్ తమ దగ్గర ఉందనీ తడుముకోకుండా చెప్పాడు. నా తర్కానికి నిపుణుడి మాట తోడైంది. ఇక మిగిలింది బలం మాత్రమే.

మొదటి రోజు పెద్ద పైపు పానాతో పట్టి గుంజాను. పానా జారి కప్పు అంచులు రెండూ నలిగాయి. రాత్రంతా కిరోసిన్ పోసి ఉంచాను. రెండో రోజు ఫ్రేమును కిటికీ ఊచలకు తాడుతో కట్టి, పానా పిడికి మూడడుగుల ఇనుప గొట్టం తొడిగి వేలాడినంత పని చేశాను. కప్పు కదలలేదు గాని కిటికీ ఊచ ఒకటి వంగింది. ఇప్పటికీ వంగే ఉంది. మా ఆవిడ ఆ ఊచను రెండు వేళ్ళతో నిమిరి, “కప్పు ఎటూ రాదు, కనీసం కిటికీ అన్నా ఉండనియ్యండి” అని లోపలికి వెళ్ళిపోయింది. మూడో రోజు మసిలే నీళ్ళు పోశాను, ఉలి పెట్టి సుత్తితో కొట్టాను. ఉలి దెబ్బకు ఎడమ బొటనవేలి గోరు నల్లబడింది.

నాలుగో రోజు ఫ్రేమును ఆటోలో వేసుకుని దేవరకొండ రోడ్డులో బోరు మోటార్లు బాగు చేసే ఒక షెడ్డుకు వెళ్ళాను. ఆ షెడ్డు నడిపే అబ్బాయి ఇంటర్‌లో నా విద్యార్థి. అక్కడ తమ మోటార్ల కోసం ఎదురుచూస్తూ ముగ్గురు రైతులు బల్ల మీద కూర్చుని ఉన్నారు. అబ్బాయి ఫ్రేమును ఒళ్ళో పెట్టుకుని, కప్పు అంచుకూ గొట్టానికీ మధ్య వేలిగోరు పెట్టి చూశాడు. అక్కడ రంగు నలిగి సన్నని పొరలుగా బయటికి వచ్చి ఉంది. తలెత్తకుండానే అన్నాడు:

“సార్, మీరు ఇప్పుతలేరు, బిగిస్తున్నరు. గిది ఉల్టా చూడీ.”

రైతుల్లో పెద్దాయన బీడీ ఆర్పి, “ఎన్ని దినాల సంది బిగిస్తుండు సారు?” అని అడిగాడు. నేను సమాధానం చెప్పలేదు. అబ్బాయే చెప్పాడు. అతడు నా కంటే మంచి మెకానిక్ అని ఒప్పుకోవడానికి నాకు అభ్యంతరమేమీ లేదు గాని, ఆ మాట నలుగురిలో అనకుండా పక్కకు పిలిచి చెప్పి ఉండవలసిందని ఇప్పటికీ అనిపిస్తుంది.

తరువాత అతడు చేసినది మాత్రం ప్రతి ఒక్కరూ తెలుసుకోదగినది. పంపు క్లాంపులకు వాడే లావుపాటి బోల్టు ఒకటి తీసి, దాని తలకు పెద్ద వాషరు వేసి, కప్పు రంధ్రంలో లోపలి నుంచి బయటికి దూర్చాడు. బయటి నుంచి మరో వాషరు, దాని మీద నట్టు. ఎడమవైపు నుంచి బోల్టు తలను ఒక పానాతో పట్టి, నట్టును బలంగా బిగించి కప్పును రెండు వాషర్ల నడుమ ఇరికించాడు. ఆపైన తలను వదిలేసి నట్టును ఇంకా బిగిస్తూ పోయాడు. నట్టు బిగిసే దిశ గడియారం ముల్లు తిరిగే దిశ, ఎడమ మర కప్పు విప్పుకునే దిశ కూడా అదే. అందువల్ల నట్టు ఎంత బిగిస్తే కప్పు మీద పట్టు అంత పెరుగుతుంది, ఇక బిగియడానికి చోటు లేనప్పుడు కప్పే తిరగాలి. పానా జారే అవకాశమే లేదు. ‘టక్’మని ఒక్క చప్పుడు వచ్చింది. మిగిలినదంతా వేళ్ళతోనే తిరిగింది. మొత్తం మీద అయిదు నిమిషాలు పట్టి ఉంటుంది. డబ్బు ఇవ్వబోతే, “మీ దగ్గర పైసలు ఎట్ల తీస్కుంట సార్” అన్నాడు. అదొకటి.

ఇంటికి వచ్చి కప్పును కిరోసిన్‌లో కడిగితే దాని ముఖం మీద ‘1.37 × 24’ అని అక్షరాలు తేలాయి. అంటే 1.37 అంగుళాల వ్యాసం, అంగుళానికి 24 మరలు, ఇంగ్లీషు పద్ధతి. ఇంగ్లీషు బ్రాకెట్‌లో కుడివైపుది ఎడమ మర, ఇటాలియన్ పద్ధతిలో రెండూ మామూలువే. రెంటినీ వేరుచేసి గుర్తించడానికి కప్పు విప్పవలసిన పని కూడా లేదు. గొట్టం వెడల్పు ఇంగ్లీషుదైతే 68 మిల్లీమీటర్లు, ఇటాలియన్‌దైతే 70. నేను ప్రతి జూలైలో మొదటి సంవత్సరం పిల్లలకు వెర్నియర్ కాలిపర్స్ ఇచ్చి, మిల్లీమీటరులో పదో వంతు దాకా కొలవడం నేర్పుతాను, శూన్యాంశ దోషం సరిచేయకపోతే మార్కులు కోస్తాను. ఆ పరికరాలు మా ప్రయోగశాల అలమరాలో పన్నెండు ఉన్నాయి. ఒక్కటి తెచ్చి ఆ గొట్టం మీద పెట్టి ఉంటే మూడు రోజులూ, కిటికీ ఊచా, బొటనవేలి గోరూ మిగిలేవి. పానగల్ ఛాయా సోమేశ్వరాలయానికి పిల్లలను తీసుకువెళ్ళి, గర్భగుడిలో పగలంతా కదలకుండా నిలిచే నీడ ఎలా ఏర్పడుతుందో గీతలు గీసి వివరించే మనిషిని నేను.

తిరగమర ఎందుకు పెట్టారన్నది కూడా నాకు తెలిసిన పాఠమే. పెన్సిల్‌ను గుప్పిట్లో వదులుగా పట్టుకుని దాని పైకొనను వలయంగా తిప్పితే, పెన్సిల్ తన చుట్టూ తాను ఎదురు దిశలో తిరుగుతుంది. వదులుగా కూర్చున్న ఏ భాగమైనా దానిమీద పడే బరువు చుట్టూ తిరుగుతున్నప్పుడు ఇలాగే మెల్లగా ఎదురు దిశకు పాకుతుంది. ఆ పాకడం మరను విప్పకుండా బిగించేటట్టు దిశ ఎంచుకుంటారు. పెడల్‌కూ బ్రాకెట్ కప్పుకూ ఆ సాపేక్ష చలనం ఒకదానికొకటి వ్యతిరేకం కనుక, పెడల్‌లో ఎడమవైపు ఉన్న తిరగమర ఇక్కడ కుడివైపుకు వచ్చింది. ఇదంతా కప్పు ఊడిన తరువాత నల్లబల్ల ముందు నిలబడితే చాలా తేలికగానే తట్టింది.

కొత్త కప్పులు, కొత్త ఇరుసు, పక్కకు 11 చొప్పున పావు అంగుళం గోళీలు, నిండుగా గ్రీజు. ఈ గోళీలు మన మామూలు సైకిల్ షాపుల్లోనే దొరుకుతాయి, వాటికోసం హైదరాబాదు పోనక్కరలేదు.

చక్రాల దగ్గర చిన్న చిక్కు వచ్చింది. ప్రకాశం బజారులో దొరికే రిమ్ములు మన పెద్ద సైకిళ్ళవి, ముందుదానికి 32, వెనకదానికి 40 రంధ్రాలు. నా హబ్బులకు 36. పైగా పెద్ద సైకిల్ రిమ్మునూ, నాకు కావలసిన 700సి అనే రకం రిమ్మునూ రెంటినీ 28 అంగుళాలనే పిలుస్తారు గాని, పెద్ద సైకిల్ రిమ్ము మీద టైరు కూర్చునే వ్యాసం 635 మిల్లీమీటర్లు, 700సి రిమ్ముకు 622. ఒకదాని టైరు మరొకదానికి ఎక్కదు. రిమ్ములు పార్శిల్‌లో తెప్పించుకున్నాను. తెచ్చినవాడు మా వీధికి రాకుండానే ‘ఇంట్లో ఎవరూ లేరు’ అని రెండుసార్లు సందేశం పెట్టాడు. స్పోకులు మాత్రం నేనే అల్లాను, ప్రతి స్పోకూ మూడింటిని దాటేటట్టు. రెండు సాయంత్రాలు పట్టింది. రిమ్ము ఊగు వెర్నియర్‌తో కొలిస్తే అర మిల్లీమీటరు లోపే వచ్చింది. మా పట్టణంలో చక్రం వంకర ఇంతకంటే సరిగా తీసేవారుంటే చూడాలని ఉంది.

పళ్ళచక్రం విషయంలో ఒక హెచ్చరిక. మామూలు ఫ్రీవీల్ హబ్బుకు కూడా ట్రాక్ పళ్ళచక్రం ఎక్కుతుంది, రెండింటి మరా ఒకటే. డబ్బు కలిసి వస్తుందని ఆ పని చేయకండి. వేగం తగ్గించడానికి పెడల్ వెనక్కి అదిమినప్పుడు ఆ పళ్ళచక్రం విప్పుకుని పోతుంది. అసలైన ట్రాక్ హబ్బుకు బయటివైపు మరో చిన్న మర, దానికి ఎడమ మర లాక్ రింగు ఉంటాయి. వెనక్కి అదిమినకొద్దీ అది బిగిసి, పళ్ళచక్రాన్ని ఊడనివ్వదు. ఈ రింగు బిగించే ముందు నేను దిశను కాగితం మీద రెండుసార్లు బాణం గుర్తుతో గీసుకున్నాను. ముందు 44 పళ్ళు, వెనక 17. పెడల్ ఒక చుట్టుకు బండి సుమారు అయిదున్నర మీటర్లు సాగుతుంది. ముందు చక్రానికి బ్రేకు కూడా పెట్టాను. బ్రేకు లేకపోవడమే అందమనేవారు మన రోడ్ల మీద బర్రెలను చూసి ఉండరు.

నిన్న గడియారం స్తంభం దాటిన తరువాత మొదటి స్పీడ్ బ్రేకర్ దగ్గర పాత అలవాటు కొద్దీ కాళ్ళు ఆపాను. పెడళ్ళు ఆగలేదు. నన్ను సీటు మీద నుంచి జానెడు ఎత్తు ఎగరేసి మళ్ళీ కూలేశాయి. పక్కన స్కూటర్ మీద వెళ్తున్నాయన ఆగి, “చైన్ ఇరికిందా సార్?” అని అడిగాడు. అవునన్నాను, వివరించే ఓపిక లేక. ఉదయసముద్రం కట్ట చేరేసరికి కాళ్ళకు లయ పట్టుబడింది. చైన్ చప్పుడు తప్ప ఫ్రీవీల్ టకటక లేకుండా, గాలి ఎదురైనప్పుడు ఆ బరువు నేరుగా తొడల్లో తెలుస్తూ, ఎన్నడూ ఎరగనంత నిశ్శబ్దంగా బండి సాగింది.

రాత్రి ఇంటికి వచ్చాక గొట్టం మీద వెర్నియర్ పెట్టి, 68 చూపిస్తుండగా ఫోటో తీసి ఆ హైదరాబాదు దుకాణానికి పంపాను. పొద్దున జవాబు వచ్చింది. బొటనవేలు పైకెత్తిన బొమ్మ ఒకటి, దాని కింద ఇటాలియన్ బ్రాకెట్ ధర.