14 సెకన్ల డ్రమ్స్, 41 రోజులు

నిన్న రాత్రి 11:40కి యూట్యూబ్ నుంచి ఈమెయిల్ వచ్చింది. రెండే వాక్యాలు. మీ వీడియో మీద ఉన్న కాపీరైటు క్లెయిము తొలగిపోయింది, మీరు చేయవలసింది ఏమీ లేదు. క్షమాపణ వంటిది ఎక్కడైనా ఉందేమోనని కిందికి జరుపుతూ చూశాను. చివర్లో మా సేవ మీకు ఎలా అనిపించిందో చెప్పమని అయిదు నక్షత్రాలు పెట్టారు. ఒకటి నొక్కి పడుకున్నాను. నిద్ర పట్టలేదు, లేచి ఇది రాస్తున్నాను.

నేను హైదరాబాదులో పగలు కంప్యూటర్ ఉద్యోగం, రాత్రి సంగీతం చేసుకునే మనిషిని. మాటలు లేని సంగీతం. 1980ల సింథసైజర్ల మోత, ప్రోగ్రెసివ్ రాక్ వాళ్ల చిత్రమైన లెక్కలు, సినిమా రీరికార్డింగులో వినిపించే పెద్ద ఆవరణ, ఈ మూడూ కలిస్తే ఎలా ఉంటుందో అదీ నాది. బయట సింథ్‌వేవ్ అంటారు. సింథ్‌వేవ్ చేసేవాళ్లలో చాలామంది తాళంలో నాలుగు లెక్క దాటి బయటికి రారు. నా ఆల్బమ్‌లో మూడో ట్రాకు ఏడు లెక్కలో నడుస్తుంది, ఆరు నిమిషాల నలభై ఎనిమిది సెకన్లు, ఎక్కడా అతుకు కనపడదు. గొప్పగానే చెప్పుకుంటున్నాను, 14 నెలలు పట్టింది మరి.

"ఇది మన సంగీతం కాదు కదా" అనే బంధువులకు ఒక మాట. 1982లో ముంబైలో చరణ్‌జిత్ సింగ్ అనే ఆయన జూపిటర్-8, టీబీ-303, టీఆర్-808 అనే సింథసైజర్లు, డ్రమ్ యంత్రాలు ముందు పెట్టుకుని పది రాగాలను డిస్కో తాళంలో వాయించి రికార్డు చేశారు. అప్పుడు ఎవరూ పట్టించుకోలేదు. పాతికేళ్ల తరువాత బయటి దేశాల వాళ్లు విని నోరు తెరిచారు. మనకు సింథసైజరు కొత్తేమీ కాదు, దాని ముందు కూర్చున్న మనిషిని గుర్తుపెట్టుకునే అలవాటే లేదు.

సులువైన పనులు ముందు చెప్పేస్తాను. మిక్సింగ్ నేనే చేసుకున్నాను. మాస్టరింగ్ ఒక స్నేహితుడు చేశాడు, స్ట్రీమింగ్ సైట్లు ఎలాగూ శబ్దం తగ్గించేస్తాయి కనుక శబ్ద తీవ్రత కొలతలో మైనస్ 14 ఎల్‌యూఎఫ్ఎస్ దగ్గర ఆపమన్నాను, ఆపాడు. అట్ట బొమ్మ 3000 పిక్సెళ్ల చదరం. ప్రతి ట్రాకుకు ఐఎస్‌ఆర్‌సీ అనే 12 అక్షరాల గుర్తింపు సంఖ్య కావాలి, పాటలను ఆ సైట్లకు చేర్చే డిస్ట్రిబ్యూటరే ఇచ్చాడు. అమెరికా పన్ను ఫారం ఒకటుంటుంది, డబ్ల్యూ-8బెన్. అందులో పాన్ నంబరు రాసి, భారత్‌తో ఉన్న పన్ను ఒప్పందం గడి నింపితే అక్కడి రాయల్టీ మీద 30 శాతం కోత 15కు దిగుతుంది. నింపడానికి పది నిమిషాలు. నింపకుండా వదిలేసి తరువాత ఏడ్చేవాళ్లను ఇద్దరిని ఎరుగుదును.

డిస్ట్రిబ్యూటర్ ఫారంలో మాత్రం మొదటి చిరాకు ఎదురైంది. "పాట భాష" అనే గడి ఖాళీగా వదిలితే ఒప్పుకోదు. తెలుగు అని పెట్టాను. "సాహిత్యం ఎవరిది" అని అడిగింది. లేదు అని రాశాను. "లేదు" అనే గీత రచయిత పూర్తి పేరు ఇవ్వమంటూ మూడు రోజుల తరువాత వెనక్కి వచ్చింది. నవ్వొచ్చింది. నవ్వడం అదే చివరిసారి.

విడుదలైన మర్నాడు మూడో ట్రాకును వీడియోగా పెట్టాను. పేరు "ఔటర్, రాత్రి రెండు గంటలు". మన 158 కిలోమీటర్ల ఔటర్ రింగు రోడ్డు మీద కారు అద్దంలోంచి తీసిన దీపాలు, అంతే. పెట్టిన ఇరవై నిమిషాలకు ఎర్ర గుర్తు వచ్చింది. ఈ వీడియోలో వేరొకరి సంగీతం ఉంది, 0:00 నుంచి 0:14 వరకు. నా వీడియోకు ముందు ఎవరిదో సబ్బు ప్రకటన వస్తుంది, దాని డబ్బు వాళ్లకు వెళుతుంది.

ఎవరిదా ఆ సంగీతం అని వెతికి విన్నాను. వ్యాయామం చేసేటప్పుడు పెట్టుకునే రెండు నిమిషాల ముక్క ఒకటి. డమ్ డమ్ అని మొదలైంది. ఒళ్లు చల్లబడింది. అవి నా డ్రమ్సే. కాదు, నావీ కావు, వాళ్లవీ కావు. రెండేళ్ల కిందట డబ్బు పెట్టి కొన్న శాంపిల్ ప్యాక్‌లోని లూప్ అది. శాంపిల్ ప్యాక్ అంటే అమ్మకానికి పెట్టిన శబ్దాల మూట, లూప్ అంటే అందులో తిప్పి తిప్పి వాడుకునే ముక్క. ఎవరో డ్రమ్మర్ ఎక్కడో వాయించాడు, కొన్నవాళ్లంతా వాడుకోవచ్చు. ఆ 14 సెకన్లు నాలుగు లెక్కలోనే ఉంటాయి, అక్కడి నుంచి నా ఏడు మొదలవుతుంది. 14 నెలల్లో నేను బద్ధకించి ఉన్నది ఉన్నట్టు వాడేసిన ఒకే ఒక్క చోటు అది. పట్టుబడింది కూడా అక్కడే.

రెండు రోజులు ఆ లైసెన్సు కాగితాలన్నీ వెతికి మూడో రోజు అభ్యంతరం పెట్టాను. జవాబివ్వడానికి అవతలివాళ్లకు 30 రోజుల గడువు ఉంటుంది. ఈలోగా ఊరుకోలేక, నా తరఫున మాట్లాడమని డిస్ట్రిబ్యూటర్‌కు రాశాను. అది నేను చేసిన పెద్ద పొరపాటు. వాళ్లు నా తరఫున మాట్లాడలేదు సరికదా, నన్నే విచారించడం మొదలుపెట్టారు. మొదటి జవాబు: డ్రమ్స్ వాయించిన కళాకారుడి నుంచి సంతకంతో అనుమతి పత్రం పంపండి. ఆయన పేరు నాకే తెలియదు, రసీదు ఉంది, లైసెన్సు ఉంది అని పంపాను. రెండో జవాబు వేరే ఉద్యోగి నుంచి, మొదటి జవాబు చదవనట్టుగా: ఈ సంగీతాన్ని కృత్రిమ మేధతో తయారు చేశారా? మీరే చేశారనడానికి రుజువు చూపండి.

ఆ వాక్యం చదివిన రాత్రి అన్నం సహించలేదు. దొంగ అంటే కోపం వస్తుంది, ఎదురు తిరుగుతాం. నువ్వు చేయలేదు, యంత్రం చేసింది అంటే ఏమని ఎదురు తిరగాలి? ప్రాజెక్టు ఫైళ్లు పంపాను. ఫైలు పెద్దదిగా ఉంది, తెరుచుకోవడం లేదన్నారు. తెర బొమ్మలు పంపాను. స్పష్టంగా లేవన్నారు. చివరికి, వాయిస్తూ వీడియో తీసి పంపమన్నారు.

మా అమ్మాయి ఫోను పట్టుకుంది. నా దగ్గరున్నది పాత కీబోర్డు, అయిదు ఆక్టేవులు, పై "సా" మీట కొంచెం అంటుకుంటుంది. ఉక్కపోత, అయినా శబ్దం వస్తుందని ఫ్యాను ఆపేశాం. ఏడు లెక్కలో ఎడమ చేతి ఆర్పెజియో (స్వరాలను ఒకదాని వెంట ఒకటి విడివిడిగా వాయించడం), పైన కుడిచేతి వరస. రికార్డింగులో అయితే తప్పును దిద్దుకుంటాం, ఇక్కడ ఒక్క గుక్కలో వాయించాలి. నాలుగుసార్లు తప్పాను. నా ఆల్బమ్ నేనే వాయించలేకపోతున్నాను. అయిదోసారి పక్కింటి కుక్కరు కూసింది.

మా మేనమామ ఆ వారం మా ఇంట్లోనే ఉన్నాడు. ముప్పై ఏళ్లు మృదంగం నేర్పిన మనిషి. నా సంగీతం గురించి ఆయన ఏనాడూ ఒక్క మాట అనలేదు, ఆ అనకపోవడమే మాట. గుమ్మంలో నిలబడి చూసి చూసి లోపలికి వచ్చాడు. "ఒరేయ్, ఏడుగా లెక్కపెడుతున్నావు, అందుకే జారుతోంది. మూడూ నాలుగూ అనుకో. తకిట తకధిమి. ఇది మిశ్ర చాపు రా, దీనికింత హైరానా ఎందుకు?" అని మంచం అంచున కూర్చుని తొడ మీద తాళం వేశాడు. ఆరోసారి మొదటి నుంచి చివరి దాకా వచ్చింది. వీడియోలో ఆయన చెయ్యి మాత్రం కనపడుతుంది, చప్పుడు వినపడుతుంది. అలాగే పంపాను.

జవాబు ఏమిటో తెలుసా? "ధన్యవాదాలు. తాళం వేస్తున్న వ్యక్తి ఈ రికార్డింగులో భాగస్వామి అయితే వివరాలు ఇవ్వగలరు."

మామయ్యకు చదివి వినిపించాను. "వాటా ఎంత ఇస్తావు?" అన్నాడు.

29వ రోజున, అంటే గడువుకు ఒక్క రోజు ముందు, క్లెయిము వేసినవాళ్లు నా అభ్యంతరాన్ని తోసిపుచ్చారు. కారణం చెప్పలేదు. మరో మెట్టు అప్పీలు. దానికి వాళ్లకు 7 రోజులే గడువు, కానీ నేను ఓడితే ఛానెల్ మీద కాపీరైటు స్ట్రైక్, అంటే ఉల్లంఘన మచ్చ, పడవచ్చు, మూడు పడితే ఛానెలే పోతుంది. "వీడియో తీసేస్తే పోలేదా, ఎంతమంది చూశారని" అంది మా ఆవిడ. 212 మంది చూశారు. ఆ సంఖ్య నేను చెప్పలేదు.

తేల్చుకోలేక ఉన్న ఆ రెండు రోజుల్లోనే అసలు తల కొట్టేసినంత పని జరిగింది. ఎవరో విదేశీ కుర్రాడు నాకు రాశాడు. మర్యాదగానే. "మీ ఆల్బమ్ పేరుతో నా వీడియో మీద క్లెయిము పడింది. ఆ డ్రమ్స్ నేనూ కొనుక్కున్నవే. దయచేసి తీసేయగలరా?"

మొదట అర్థం కాలేదు. తరువాత డిస్ట్రిబ్యూటర్ ఫారం తెరిచి చూసుకున్నాను. విడుదల రోజున ఒక గడి ఉంది: మీ సంగీతాన్ని ఇతరులు వాడితే గుర్తించి డబ్బు వసూలు చేయాలా? అవును అని టిక్కు పెట్టింది నేనే. శాంపిల్ ప్యాక్ లైసెన్సులో ఆరో పేరాలో స్పష్టంగా ఉంది, మార్చకుండా వాడిన లూపును ఇలాంటి గుర్తింపు వ్యవస్థల్లో చేర్చరాదని. అభ్యంతరం పెట్టడానికి ఆ లైసెన్సును పది సార్లు చదివాను, నాకు పనికొచ్చే పేరాలు మాత్రమే చదివాను. నెల రోజులుగా నేను తిట్టుకుంటున్న ఆ వ్యాయామం సంగీతం వాళ్లు ఏం చేశారో, ఒక కుర్రాడికి అదే నేను చేశాను.

ఆ రాత్రే అతనికి క్షమాపణ రాశాను. మూడో ట్రాకును ఆ వ్యవస్థ నుంచి తీసేయమని డిస్ట్రిబ్యూటర్‌కు రాశాను. చేర్చడానికి ఒక టిక్కు చాలు, తీయడానికి ఆరు రోజులు, మూడు ఉత్తరాలు. క్షమాపణ రాసిన మర్నాడే అప్పీలు పెట్టాను. ఈసారి నా ప్రతిభ గురించి, 14 నెలల గురించి ఏమీ రాయలేదు. లూపు ఎక్కడ కొన్నానో, లైసెన్సులో ఏ పేరా ఏం చెబుతోందో, ఇది మాలో ఎవరిదీ కాదు కనుక ఎవరూ క్లెయిము వేయడానికి లేదని నాలుగు వాక్యాలు. మొదటి అభ్యంతరం ఒకటిన్నర పేజీలు ఉండేది, అందులో చరణ్‌జిత్ సింగ్ కూడా ఉన్నాడు. ఏడు రోజులూ వాళ్లు పలకలేదు. నిన్న రాత్రి క్లెయిము దానంతట అది రాలిపోయింది.

ఈ దారిలో వచ్చేవాళ్లకు చెప్పదగింది కొంచెం ఉంది. కొన్న లూపుల రసీదు, లైసెన్సు ఒకే ఫోల్డరులో పెట్టుకోండి, రెండేళ్ల నాటి ఈమెయిల్ వెతకడం నరకం. ఆ వసూలు గడి దగ్గర ఆగండి, ప్రతి శబ్దం మీదే అయితేనే టిక్కు. ఏదైనా గొడవ వస్తే డిస్ట్రిబ్యూటర్ సహాయ విభాగానికి రాయకండి, గోడకు చెప్పుకోండి, గోడ కనీసం రుజువులు అడగదు. కాపీరైటు రిజిస్ట్రేషను చేయించుకుని ఉంటే ఇదంతా ఉండేది కాదని ఒక లాయరు స్నేహితుడు అన్నాడు. సౌండ్ రికార్డింగుకు 2,000 రూపాయల రుసుము, అభ్యంతరాల కోసం 30 రోజులు ఆగాలి. చేయించుకుంటే మంచిదే. కానీ హక్కు పుట్టడానికి మన చట్టంలో రిజిస్ట్రేషను తప్పనిసరి కాదు, ఆ 14 సెకన్లు నావని ఏ రిజిస్ట్రేషనూ చెప్పదు కూడా.

ఈ ఉదయం ఆ లూపు స్థానంలో నా సొంత డ్రమ్స్ పెడదామని కూర్చున్నాను. రికార్డింగు మారితే కొత్త ఐఎస్‌ఆర్‌సీ కావాలి, వీడియో మళ్లీ పెడితే ఆ 212 సున్నా అవుతుంది, కానివ్వండి. 1980ల స్నేర్ డ్రమ్ము శబ్దం రావాలంటే గేటెడ్ రివర్బ్ వేస్తారు. దెబ్బకు పెద్ద హాలంత ప్రతిధ్వని ఇచ్చి, అది సాగేలోగా తలుపు మూసినట్టు టక్కున కోసేయడం. ఆ దెబ్బ దేని మీదైనా కొట్టవచ్చు. వంటింట్లో బియ్యం డబ్బా మీద చెంచాతో కొట్టి చూశాను. మొద్దుగా, తడి గోడను తట్టినట్టుగా ఉంది.

"నిండా ఉందండీ, అదెలా మోగుతుంది?" అంది మా ఆవిడ. "నెలాఖరుకు అడుగంటుతుంది, అప్పుడు కొట్టుకోండి."

ఇంకా పద్దెనిమిది రోజులుంది.