దీపపు గూడు

పోర్చుగల్‌లోని డౌరో లోయలో మేము దిగిన విడిది గురించి చెప్పాలంటే ముందు దాని ధర చెప్పాలి. మొదటి రాత్రి మాకు వచ్చిన కోపానికి మూలం అదే. ద్రాక్షకోతల కాలమని రాత్రికి 190 యూరోలు తీసుకున్నారు, మూడు రాత్రులకు తక్కువైతే గది ఇవ్వమన్నారు, రాత్రి భోజనానికి మనిషికి 40 యూరోలు వేరే. ఇంత పెట్టడం అవసరమా అని నేను వెనకాడితే, అరవయ్యో పుట్టినరోజుకు తనకు కావలసింది ఇదొక్కటేనని అక్క పట్టుబట్టింది. కొండవాలున ద్రాక్షతోట, కింద నది, పాతకాలపు రాతి ఇల్లు, పక్కనే వైన్ తయారయ్యే కొట్టు, చుట్టూ నిశ్శబ్దం అని వాళ్ళు రాసుకున్న మాటల్లో అక్కను పట్టుకున్నది ఆ చివరి మాట. మేమిద్దరం వైన్ రుచి ఎరిగినవాళ్ళం కాము. మేము వెళ్ళింది ఆ నిశ్శబ్దం కోసమే.

పోర్టో నుంచి వెళ్ళే రైలు గురించి ఇప్పటికే చాలామంది రాశారు కనుక ఒక్క మాటతో సరిపెడతాను: వెళ్ళేటప్పుడు కుడివైపు కిటికీ దగ్గర కూర్చోవాలి. మొదట చాలాసేపు ఊళ్ళూ గోడలే కనిపిస్తాయి; ఆ తరువాత పట్టాలు నదిని చేరుకొని, దాని అంచునే వంపులు తిరుగుతూ పిన్యావ్ దాకా సాగుతాయి. పిన్యావ్ స్టేషను గోడల మీద నీలిరంగు పింగాణీ పలకలపై కోతల దృశ్యాలున్నాయి: గుత్తులు కోసే ఆడవాళ్ళు, వీపు మీద గంపలు మోసే మగవాళ్ళు, పీపాలు కట్టుకొని నదిలో సాగే రబేలో పడవలు. గడిచిపోయిన కాలపు ముచ్చటలని అనుకొని నాలుగు ఫోటోలు తీసుకొని టాక్సీ ఎక్కాము.

మాకిచ్చిన గది అసలు ఇంట్లో లేదు. వైనరీని ఆనుకొని ఉన్న పొడవాటి రాతి కట్టడాన్ని అరలుగా విడదీసి గదులు చేశారు. అందులో చివరిది మాది. గోడలు రెండు మూరల మందం, సున్నం కొట్టి తెల్లగా మెరుస్తున్నాయి, కిటికీ మాత్రం చాలా చిన్నది. మంచం తలాపున గోడలో ఒక చదరపు గూడు, అందులో ఎండిన లావెండర్ రెమ్మలు గుచ్చిన గాజుసీసా ఉన్నాయి. అక్క పెట్టె దించకముందే ఆ గూటి అంచు తడిమి, "ఇది అమ్మమ్మ వాళ్ళింట్లో దీపపు గూడులాగే ఉందే!" అంది. అమ్మమ్మ వాళ్ళింట్లో ఆ గూటి పైగోడ ఎప్పుడూ మసిబారి ఉండేది, దీపావళికి సున్నం వేసినా సంక్రాంతి నాటికి మళ్ళీ నల్లబడేది. ఇక్కడ ఆ మచ్చే లేదు కాబట్టి, ఇది అలంకారానికి తొలిచిన గూడేనని నేను అనుకున్నాను.

ఆ రాత్రి తొమ్మిదింటికే పడుకున్నాము. పది దాటకముందే కింద డోలు మోగింది, దాని వెంట అకార్డియన్, దాని వెంట ఇరవై ముప్పై గొంతులు కలిసిన పాట. అది ఆగాక ఏదో పంపు హోరు మొదలై తెల్లవార్లూ సాగింది. మధ్యలో రెండుసార్లు ఎవరో ఇనుప తలుపు తీసి లోపలికి వెళ్ళి వచ్చారు. తెల్లవారుజామున ట్రాక్టరు మా కిటికీ కిందే నిలిచి, కదలడానికి పావుగంట తీసుకుంది. అక్కకు నిద్ర చెడితే తలనొప్పి వస్తుంది. నాకు డబ్బు తలచుకొని వచ్చింది.

పొద్దున ఫలహారం దగ్గర యజమానురాలితో, మీరు రాసిందొకటి ఇక్కడ జరుగుతున్నదొకటి అని నేరుగానే అన్నాను. ఆవిడ క్షమాపణ చెప్పలేదు, కోపగించుకోనూ లేదు. ఏడాదిలో పదకొండు నెలలు ఇక్కడ ఆకు రాలినా వినిపిస్తుందనీ, కోతల మూడు నాలుగు వారాల్లో మాత్రం ఇంట్లోవాళ్ళే సరిగా నిద్రపోరనీ చెప్పింది. ఆ సంగతి గది తీసుకునేటప్పుడే చెప్పి ఉండవలసిందని నేను ఇప్పటికీ అంటాను. ఆవిడ మాత్రం, చప్పుడు ఎక్కడినుంచి వచ్చిందో రాత్రికి కిందికి వచ్చి చూడమని పిలిచి, ఆ లోపు తోటలోకి మాకు తోడుగా తన కూతుర్ని పంపింది.

ఆ అమ్మాయి వెంట నడిచిన రెండు గంటల్లో, రైల్లోంచి అందమైన గీతల్లా కనిపించిన మెట్లు నిజానికి ఏమిటో అర్థమైంది. డౌరో కొండల్లో మన్ను అంటూ పెద్దగా లేదు. ఉన్నదంతా షిస్ట్ అనే పొరలుపొరల పలకరాయి. దాన్ని పగలగొట్టి, పెళ్ళలు ఏరి, సున్నం లేకుండా ఒకదానిమీద ఒకటి పేర్చి గోడ కట్టి, ఆ గోడ వెనుక రాతిపొడి నింపితే ఒక మెట్టు అవుతుంది. ఆ మెట్టు మీద ఒకటో రెండో వరుసలు మాత్రమే తీగలు పడతాయి. రాతి పొరలు నిలువుగా చీలి ఉండడం వల్ల వేళ్ళు ఆ చీలికల వెంట చాలా లోతుకు దిగి నీటిని వెతుక్కుంటాయట. వేసవిలో ఎండ 40 డిగ్రీలు దాటినా తీగ బతికేది ఆ వేళ్ళ పుణ్యాన. "తొమ్మిది నెలలు శీతకాలం, మూడు నెలలు నరకం" అని ఈ లోయవాళ్ళు తమ వాతావరణం గురించి చెప్పుకుంటారు. మేము చూసిన సెప్టెంబరు ఆ నరకానికి చివరి అంచు. పదకొండు గంటలకే రాయి చెప్పుల్లోంచి కాలింది.

ఎదురు కొండ మీద కొన్ని మెట్లు తీగలు లేకుండా పొదలు పట్టి, మధ్యమధ్య ఆలివ్ చెట్లతో కనిపించాయి. 19వ శతాబ్దం రెండో సగంలో ఫిలాక్సెరా పురుగు వేళ్ళు తినేసి తోటలను నాశనం చేసినప్పుడు వదిలేసినవి అవి. మళ్ళీ నాటే శక్తి ఎవరికీ లేకపోయింది. వాటిని ఇక్కడ మోర్టోరియోలంటారు, చచ్చిపోయిన చోట్లని. 1756 నుంచి అప్పటి పోర్చుగల్ మంత్రి పొంబాల్ మార్క్విస్ గ్రానైట్ రాళ్ళు పాతించి ఈ ప్రాంతానికి సరిహద్దులు గీయించాడనీ, 2001లో యునెస్కో ఈ లోయను వారసత్వ జాబితాలో చేర్చిందనీ ఆ అమ్మాయి గర్వంగానే చెప్పింది. కానీ ఆ చచ్చిపోయిన మెట్ల గురించి చెప్పినప్పుడు మాత్రం గొంతు తగ్గించింది. గోడలు కట్టిన మనుషుల పేర్లు ఎక్కడా లేవు కదా అని అక్క అడిగింది. లేవంది.

కోత కోస్తున్నవాళ్ళలో ఇద్దరు కుర్రాళ్ళు మమ్మల్ని చూసి హిందీలో పలకరించారు. నేపాల్ నుంచి వచ్చారు. ఒకప్పుడు కోతలకు కొండల అవతలి పల్లెల నుంచి మనుషులు గుంపులుగా దిగివచ్చేవారు, ఆ గుంపును రోగ అనేవారు. ఇప్పుడా పల్లెల్లో వయసులో ఉన్నవాళ్ళు మిగలలేదు కాబట్టి చేతులు సముద్రాల అవతలి నుంచి రావలసి వస్తోంది. రాత్రి ఎక్కడ పడుకుంటారని అడిగితే, పట్టణంలో ఇల్లు తీసి ఇచ్చారనీ, పొద్దున వ్యాన్ వచ్చి తీసుకొస్తుందనీ చెప్పాడు పెద్దవాడు. మాట్లాడుతున్నంతసేపూ అతని కత్తెర ఆగలేదు. 20 కిలోలు పట్టే ప్లాస్టిక్ పెట్టె నిండగానే భుజాన వేసుకొని, మేము చెయ్యి పట్టుకొని దిగిన మెట్లను నాలుగు అంగల్లో దిగిపోయాడు.

మధ్యాహ్నం సంగతి చెప్పవలసినంత లేదు. సాయంత్రం భోజనంలో ముందుగా కాల్దు వెర్ద్ అనే ఆకుకూర సూపు వచ్చింది. శాకాహారులమని ముందే రాసినా అందులో పంది మాంసపు సాసేజి ముక్క తేలుతోంది. అది తీసేసి తినవచ్చు కదా అని వడ్డించిన మనిషి అన్నాడు. అక్క ఏమీ అనకుండా గిన్నె జరిపి, రొట్టెతో, ఆలివ్ నూనెతో, తోట ద్రాక్షతో భోజనం ముగించింది. 40 యూరోల భోజనానికి అది చాలా పెద్ద లోటని నా అభిప్రాయం.

తొమ్మిదింటికి కిందికి దిగాము. లగార్ అంటే ద్రాక్షలు తొక్కే నలుచదరపు గ్రానైట్ తొట్టి. గదంత వెడల్పు, తొడల దాకా లోతు. అందులో ఆ పగలు కోసిన గుత్తులన్నీ పడి ఉన్నాయి. రెండు వరుసలుగా మనుషులు, పొట్టి లాగులతో, ఒకరి భుజాల మీద ఒకరు చేతులు వేసుకొని, ఎదురెదురుగా నిలబడి ఉన్నారు. తొట్టి గట్టు మీద కూర్చున్న ఒక పెద్దావిడ లెక్క చెబుతోంది: ఒకటి, రెండు, ఒకటి, రెండు. ఆ లెక్కకు అందరూ ఒకేసారి మోకాలు ఎత్తి, ఒకేసారి దించి, అరడుగు ముందుకు. పాట లేదు, నవ్వు లేదు. గుత్తులు నలిగే చప్పుడు, ఆ ముసలి గొంతు, అంతే. దీన్ని కోర్త్ అంటారు, రెండు గంటలు సాగుతుంది. మధ్యలో ఎవరూ బయటికి రారు.

ఇంత కష్టం దేనికని మీకు వచ్చే సందేహమే నాకూ వచ్చింది. ఇక్కడ తయారయ్యే పోర్ట్ వైన్ మామూలు వైన్‌లాగా చివరిదాకా పులియదు. రెండు మూడు రోజుల్లో, రసంలో తీపి ఇంకా చాలా మిగిలి ఉండగానే, 77 శాతం ఆల్కహాలున్న ద్రాక్షసారా కలిపి పులియడాన్ని ఆపేస్తారు. అందుకే ఆ వైన్ తియ్యగానూ ఉంటుంది, 20 శాతం చుట్టూ ఘాటుగానూ ఉంటుంది. అంటే తొక్కలోని రంగు, వగరు, వాసన అన్నీ ఆ కొద్ది గంటల్లోనే రసంలోకి దిగిపోవాలి. గట్టిగా నలిపితే గింజలు చిట్లి రసం చేదెక్కుతుంది. మనిషి పాదం తొక్కను చిదుముతుంది, గింజను పగలగొట్టదు. పాదాన్ని అనుకరించే యంత్రాలు ఇప్పుడు చాలా తోటల్లోకి వచ్చాయి, ఈ ఇంటివాళ్ళు మాత్రం మంచి పళ్ళకు ఇంకా మనుషులనే పెడుతున్నారు. ఆ గదికి తలుపులన్నీ బార్లా తీసి ఉండడానికీ కారణముంది: పులిసే రసం నుంచి వెలువడే కార్బన్ డయాక్సైడ్ మూసిన గదిలో ప్రాణం తీస్తుంది. ముందురాత్రి ఇనుప తలుపు చప్పుడు, రసం వేడి చూడడానికి వచ్చినవాళ్ళది.

రెండు గంటలూ అయ్యాయి. పెద్దావిడ చెయ్యెత్తి "లిబెర్దాద్!" అని అరిచింది, స్వేచ్ఛ అని. డోలు మోగింది, వరుసలు విడిపోయాయి, ముందురాత్రి మమ్మల్ని కాల్చుకుతిన్న పాటే మొదలైంది. అతిథులు దిగవచ్చు అన్నారు. నేను సందేహిస్తుండగానే అక్క కాళ్ళు కడుక్కొని, చీర మోకాళ్ళ పైకి దోపి, గట్టు మీద చెయ్యి ఆనించి దిగేసింది. తన వెనుక నేనూ దిగాను. పైన కొత్త పళ్ళు చల్లగా ఉన్నాయి, అడుగున రసం గోరువెచ్చగా ఉంది. తొడిమలు పిక్కలకు గీసుకుంటాయి, పాదం జారుతుంది, ఒక్కో అడుగూ బురద పొలంలో దమ్ము చేసే మనిషి అడుగులా పైకి లాగితేగాని రాదు. పావుగంటకే నా తొడలు వణికాయి. వాళ్ళు పగలంతా కోసి, రాత్రి రెండు గంటలు ఇలా నడిచి, ఇంకా పాడుతున్నారు.

బయటికి వచ్చాక పెద్దావిడ పక్కన గట్టు మీద కూర్చున్నాము. ఇంటి అమ్మాయి ఆవిడ మాటలు మాకు చెప్పింది. ఆవిడ పదకొండేళ్ళప్పుడు తల్లితో రోగలో వచ్చిందట, డోలు వెంట ఒక పగలూ ఒక పూటా నడిచి. ఆడవాళ్ళు కోయాలి, మగవాళ్ళు మోయాలి, తొక్కాలి. ఆవిడ రోజుల్లో ఆడది తొట్టిలో కాలు పెట్టేది కాదు. ఇప్పుడు కాలు పెట్టవచ్చు గాని మోకాళ్ళు సహకరించవు, అందుకని లెక్క చెబుతుంది. మీరెక్కడ ఉంటున్నారని మమ్మల్ని అడిగింది. అక్క చేత్తో చూపించింది, ఆ పొడవాటి కట్టడంలో చివరి గది. ఆవిడ కాసేపు మాట్లాడలేదు. తరువాత ఆ అమ్మాయి వైపు తిరిగి ఒకే మాట అంది: కార్దేన్యు. కోత కూలీలు పడుకునే కొట్టం. ఆ కట్టడమంతా అదేనట. నేల మీద గడ్డి, గడ్డి మీద మనుషులు. ఆ చివరి భాగం ఆడవాళ్ళది.

ఆ రాత్రి కూడా పంపు మోగింది. నిద్ర పట్టనిది దానివల్ల కాదు.

మూడో రోజు నది మీద పడవ ఎక్కాము, ఏవో చూశాము. నాలుగో పొద్దున టాక్సీకి ఇంకా అరగంట ఉందనగా, అక్క వెళ్ళి ఆ పెద్దావిడ చెయ్యి పట్టుకొని గదికి తీసుకొచ్చింది. మాటలు చెప్పే అమ్మాయి లేదు. గుమ్మం దగ్గర ఆవిడ బూట్లు రెండుసార్లు గోనెకు తుడిచి, అయినా లోపలికి రాకుండా నిలబడింది. అక్క తన కాళ్ళు చూపించింది, పిక్కల దాకా ఇంకా ఊదారంగే. అప్పుడు లోపలికి వచ్చింది. కిటికీ కింద గోడకు ఆనుకొని, తొట్టి దగ్గరి గొంతుతోనే లెక్కపెడుతూ, ఒక్కో మనిషికి ఒక్కో అడుగు చొప్పున జరుగుతూ వచ్చి, తొమ్మిదో లెక్క దగ్గర మా మంచానికి మోకాలు తగిలి ఆగింది. మంచం మీద అరచెయ్యి పెట్టి, ఆ చేతినే తన గుండె మీద పెట్టుకుంది. గూటిలోని లావెండర్ సీసాను తీసి పరుపు మీద ఉంచి, వేలితో గూటి పైగోడను గట్టిగా రుద్ది, వేలు మాకు చూపించింది. తెల్లటి సున్నమే అంటింది. మళ్ళీ రుద్దింది, ఈసారి గోరుతో. సున్నం పొర చిన్న పెచ్చుగా లేచి, దాని కింద నలుపు కనిపించింది.

కింద పెట్టెల లారీ హారన్ కొట్టింది. ఆవిడ అక్క చెంప తట్టి, గబగబా మెట్లు దిగి వెళ్ళిపోయింది. నేను పెట్టెలు బయట పెట్టి వెనక్కి వచ్చేసరికి అక్క లావెండర్ సీసాను కిటికీ గట్టు మీద పెట్టి, గూటిని ఖాళీగా వదిలి, తలుపు దగ్గరికి వేస్తోంది.