తొడకి పట్టీ, కాలికి 15 కిలోలు

ఆర్కే బీచ్ ఇసుకలో వాలీబాల్ ఆడుతూ ఎగిరి దిగేసరికి కుడి మోకాలు మెలిపడింది. మోకాలి లోపల ఎముకల్ని పట్టి ఉంచే లిగమెంటు, ఏసీఎల్, తెగింది. ఆపరేషన్ అయిన ఆరు వారాలకి ఫిజియో టేపు పెట్టి కొలిస్తే, మోకాలి చిప్పకి 10 సెంటీమీటర్ల పైన కుడి తొడ ఎడమదాని కంటే 4 సెంటీమీటర్లు సన్నం. ప్యాంటు ఒక కాలు వదులుగా వేలాడేది.

కండ పెరగాలంటే బరువులెత్తాలి. కొత్త లిగమెంటు కుదురుకునేదాకా పెద్ద బరువులు వద్దంటారు. అందుకని బీఎఫ్ఆర్ (బ్లడ్ ఫ్లో రిస్ట్రిక్షన్) చేద్దామన్నారు ఫిజియో. తొడ మొదట్లో పట్టీ బిగించి, రక్తం రాకపోకల్ని కొంత తగ్గించి, తేలిక బరువుతో చేసే వ్యాయామం. జపాన్‌లో దీన్ని కాట్సు అంటారు. 1966లో యోషియాకి సాటో అనే ఆయన ఒక బౌద్ధ కార్యక్రమంలో చాలాసేపు మోకాళ్ల మీద కూర్చుంటే పిక్కలు బిగుసుకున్నాయట. బరువులెత్తాక వచ్చే బిగువూ ఇలాగే ఉంటుంది కదా అని ఆయనకి తట్టింది.

ఇంతేనా అనుకుని ఇంట్లో క్రేప్ బ్యాండేజీ గట్టిగా చుట్టేశాను. కాసేపటికే పాదం చల్లబడి మొద్దుబారింది. అమ్మ చూసి, "ఏట్రా ఇది, పాముగానీ కరిచిందేటి?" అంది.

ఫిజియోకి చెబితే గట్టిగానే తిట్టారు. బీపీ ఉందా, కాళ్లలో సిరలు ఉబ్బాయా, ఎప్పుడైనా రక్తం గడ్డకట్టిందా అని అన్నీ అడిగాకే గాలి నింపే పట్టీ బయటికి తీసి తొడకి కట్టారు. చీలమండ దగ్గర డాప్లర్ (రక్తం పారే చప్పుడు వినిపించే పరికరం) పెట్టి గాలి కొడుతూ పోతే పట్టీలో పీడనం 180 దగ్గర నాడి చప్పుడు ఆగింది. అందులో 60 శాతం, అంటే 108 దగ్గర పెట్టారు. అలా అయితే ధమనిలో రక్తం కొంత లోపలికి వస్తుంది, సిరల్లోంచి బయటికి పోవడం మాత్రం కష్టమవుతుంది. ఆక్సిజన్ తగ్గి, కండలో వ్యర్థాలు పేరుకుని, మామూలుగా పెద్ద బరువులకి గానీ కదలని పోగులు కూడా పనిలోకి దిగుతాయి.

బాగున్న కాలు ఒకసారికి మహా అయితే 60 కిలోలు తోస్తోంది కాబట్టి అందులో పావు వంతు, లెగ్ ప్రెస్ మీద నాకు 15 కిలోలు. ముందు 30 సార్లు, తర్వాత 15 చొప్పున మూడు విడతలు. మధ్యలో 30 సెకన్లే విశ్రాంతి, అప్పుడూ పట్టీ విప్పరు. మొదటి విడత నవ్వుతూ చేశాను. మూడోదానికి పచ్చిమిరపకాయలు నూరి తొడలో కూరినట్టు మంట. నాలుగోదాన్లో లెక్క నేను తప్పుతున్నా ఆయన తప్పరు! గాలి తీయగానే వేడిగా రక్తం పాదంలోకి దిగుతుంటే మాత్రం ప్రాణం లేచొచ్చేది.

వారానికి మూడు రోజులు, ఎనిమిది వారాలు. తేడా ఒకటిన్నర సెంటీమీటరుకి దిగింది. కండ వచ్చినంతగా బలం రాలేదు, దానికి బరువులే దిక్కన్నారు. ఇప్పుడు పట్టీ లేకుండా 40 కిలోలు తోస్తున్నాను. నిజం చెప్పాలంటే ఆ 15 కంటే ఈ 40 హాయిగా ఉంది.